లారీ అదురు: పానా పట్టే ముందు వేయాల్సిన లెక్క

క్రాసులు మార్చారు. సెంటర్ బేరింగ్ కొత్తది వేశారు. ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పించి బ్యాలెన్సింగ్ కూడా చేయించారు. అయినా స్పీడు 70 దాటగానే సీటు కింద అదే అదురు. ఇలాంటప్పుడు చాలాసార్లు వేసిన సామానులో లోపం ఉండదు, బిగించిన చేతిలోనూ ఉండదు. అదురు ఏ భాగం తిరుగుడుతో కలిసి వస్తోందో తేల్చుకోకుండానే విప్పడం మొదలుపెట్టారు, అంతే.

డ్రైవ్‌లైన్ అంటే క్లచ్ నుంచి వెనక చక్రాల దాకా ఇంజిన్ బలాన్ని మోసుకెళ్లే వరుస అంతా: గేర్ బాక్సు, దాని నుంచి వెనక్కి పోయే పొడవాటి గొట్టాలైన ప్రొపెల్లర్ షాఫ్టులు, వంపులోనూ తిరగనిచ్చే వాటి కీళ్లయిన క్రాసులు, షాఫ్టును మధ్యలో మోసే సెంటర్ బేరింగ్, వెనక ఇరుసు హౌసింగ్‌లోని పళ్ల చక్రాలైన పినియన్, క్రౌన్, యాక్సిల్ షాఫ్టులు, హబ్బులు. ఇందులో ఎక్కడ అదురు పుట్టినా అది చాసిస్ వెంట పాకుతుంది. పైకి తెలిసేది మాత్రం పుట్టిన చోట కాదు, ఆ అదురుకు తేలిగ్గా ఊగిపోయే చోట. అద్దం వణకొచ్చు, గేర్ రాడ్ వణకొచ్చు, క్యాబిన్ నేల గుయ్యిమనొచ్చు. స్టీరింగ్ వణికితే ముందు చక్రాలు, సీటు వణికితే వెనక భాగం అన్న పాత సూత్రం కొంతవరకు పనికొస్తుంది గానీ, దాన్ని నమ్మి భాగాలు కొనేంత గట్టిది కాదు.

నమ్మదగింది ఒక్కటే: అదురు సెకనుకు ఎన్నిసార్లు వస్తోందన్న లెక్క.

ఏ భాగం ఎంత వేగంగా తిరుగుతుంది

ఈ లెక్కకు మూడు అంకెలు చాలు. టైరు ఒక చుట్టు తిరిగితే బండి ఎంత దూరం పోతుంది, హౌసింగ్ రేషియో (చక్రం ఒక చుట్టుకు షాఫ్ట్ ఎన్ని చుట్లు) ఎంత, నడుపుతున్న గేరు రేషియో (షాఫ్ట్ ఒక చుట్టుకు ఇంజిన్ ఎన్ని చుట్లు) ఎంత. మొదటిదానికి పుస్తకాలు తిరగేయక్కర్లేదు. టైరు మీద, దాని కింద నేల మీద సుద్దతో గీత పెట్టి, బండిని సరిగ్గా ఒక చుట్టు నడిపి టేపుతో కొలవండి.

ఉదాహరణకు చుట్టు 3.2 మీటర్లు, హౌసింగ్ రేషియో 4.11, టాప్ గేర్ ఓవర్‌డ్రైవ్ 0.78 అనుకుందాం. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22.2 మీటర్లు. దాన్ని 3.2తో భాగిస్తే టైరు సెకనుకు సుమారు 7 చుట్లు తిరుగుతుంది. 4.11తో గుణిస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ సెకనుకు 28.5 చుట్లు, అంటే నిమిషానికి 1,710. దాన్ని 0.78తో గుణిస్తే ఇంజిన్ సెకనుకు 22 చుట్లు, అంటే సుమారు 1,335 ఆర్పీఎం.

ఇప్పుడు అదురు లెక్క చూడండి. సెకనుకు 7 సార్లు వస్తే అది టైరు, రిమ్ము, డ్రమ్ము, హబ్బుల్లో ఏదో ఒకటి. 28 సార్లు వస్తే షాఫ్ట్ బ్యాలెన్స్ పోవడం, వంపు, లేదా పినియన్ ఫ్లాంజ్ (షాఫ్టును పినియన్‌కు బిగించే పళ్లెం) పక్కకు తిరగడం. దానికి రెట్టింపు, 57 సార్లు వస్తే క్రాసుల కోణాలు. క్రాస్ తన లోపాన్ని చుట్టుకు రెండుసార్లు చెబుతుంది. ఎందుకో కిందికి వచ్చాక చూద్దాం. 22 సార్లు వస్తే ఇంజిన్ లేదా క్లచ్. ఆరు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో చుట్టుకు మూడు పేలుళ్లు జరుగుతాయి కాబట్టి, 67 దగ్గర కనిపించేది ఇంజిన్ సహజమైన పని. అది క్యాబిన్‌లోకి గట్టిగా వస్తే మౌంటింగ్ రబ్బర్లు గట్టిపడ్డాయో, చిరిగాయో చూడాలి.

టాప్ గేర్ డైరెక్ట్, అంటే రేషియో 1 ఉన్న బండ్లలో ఇంజిన్, షాఫ్ట్ ఒకే వేగంతో తిరుగుతాయి. అక్కడ లెక్క ఒక్కటే సరిపోదు, ఒక గేరు తగ్గించి అదే స్పీడులో మళ్లీ చూడాలి.

అలవాటైన చేతికి 7కీ 28కీ తేడా తెలుస్తుంది. 7 అంటే ఒళ్లు ఊగుతుంది, 28 అంటే కాళ్లకింద జివ్వుమంటుంది, 57 అంటే చెవిలో గుయ్యిమని మోగుతుంది. అంకె కచ్చితంగా కావాలంటే ఫోనులోని యాక్సిలరోమీటర్‌తో ఫ్రీక్వెన్సీ చూపించే యాప్ వాడొచ్చు. ఫోనును సీటు పట్టాలకో క్యాబిన్ నేలకో గట్టిగా అదిమి ఉంచాలి, చేతిలో పట్టుకుంటే చేతి మెత్తదనమే సగం అదురును మింగేస్తుంది. రీడింగ్ చూసేది పక్కన కూర్చున్న మనిషి, డ్రైవరు కాదు.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. ఫోను సెకనుకు 100 సార్లు మాత్రమే నమూనా తీసుకుంటుంటే, 50కి పైన ఉన్న అదురును అది ఉన్నదున్నట్టు చూపలేదు. అసలు 57 దగ్గరున్న అదురు తెర మీద 43గా కనిపిస్తుంది. 43కి సరిపోయే భాగం బండిలో ఏదీ ఉండదు, దాంతో మనిషి అయోమయంలో పడతాడు. యాప్ సెట్టింగులో నమూనా రేటు ఎంతో ముందే చూసుకోవాలి. 200 ఉంటే ఈ పనికి చాలు.

రోడ్డు మీద నాలుగు పరీక్షలు

ముందుగా బండిని నిలిపి, న్యూట్రల్‌లో ఇంజిన్‌ను అదురు వచ్చే ఆర్పీఎం దాకా రేజ్ చేయండి. అదే అదురు కనిపిస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ జోలికి పోవాల్సిన పని లేదు, ఎందుకంటే అది కదలనే లేదు. అలాగే రేజ్‌లో ఉంచి క్లచ్ తొక్కండి. అదురు మారితే క్లచ్ ప్లేటు, గేర్ బాక్సు ఇన్‌పుట్ వైపు; మారకపోతే ఫ్లైవీల్, ప్రెషర్ ప్లేటు, ఫ్యాను, మౌంటింగుల వైపు చూడాలి.

రెండోది రోడ్డు మీద. అదురు బాగా తెలిసే స్పీడు పట్టుకుని, ఒక గేరు తగ్గించి మళ్లీ అదే స్పీడుకు రండి. ఇంజిన్ ఆర్పీఎం మారినా అదురు అదే స్పీడులో అలాగే ఉంటే, అది గేర్ బాక్సు అవుట్‌పుట్ నుంచి చక్రాల దాకా ఉన్న భాగాలది.

మూడోది: అదే స్పీడులో కాలు తీసి క్లచ్ తొక్కి బండిని దొర్లనివ్వండి. ఇది చదునుగా, ఖాళీగా ఉన్న రోడ్డు మీద, ఇంజిన్ ఆడుతుండగానే, కొద్ది సెకన్లు మాత్రమే. దిగుడులో ఎప్పుడూ చేయకూడదు. లాగుతున్నప్పుడు ఉండి, దొర్లేటప్పుడు మాయమైతే ఆ అదురు బలం మీద ఆధారపడింది: క్రాసుల కోణాలు, టార్క్ రాడ్ (ఇరుసు మెలితిరగకుండా పట్టే కడ్డీ) బుష్‌లు, ఇరుసును కమాన్లకు బిగించే యూ బోల్టులు వదులవడం, పినియన్ బేరింగ్. దొర్లేటప్పుడూ మారకుండా ఉంటే అది తిరుగుడు మీద ఆధారపడింది: బ్యాలెన్స్, వంపు, టైర్లు.

నాలుగోది ఖాళీ బండితో ఒకసారి, లోడుతో ఒకసారి. దీన్ని ఎక్కువమంది వదిలేస్తారు. అంతుపట్టని అదుర్లలో చాలావాటి గుట్టు బయటపడేది మాత్రం ఇక్కడే.

అదురు పెరిగే తీరు కూడా రాసుకోండి. స్పీడుతో పాటు ఆగకుండా పెరుగుతుంటే బ్యాలెన్స్ లోపం కావచ్చు. 60 దగ్గర మొదలై 66 దగ్గర పోతే, ఏదో ఒక భాగం తన సొంత ఊపుకు సరిగ్గా సరిపోయే తాకిడిని అక్కడ అందుకుంటోందని అర్థం. అలల్లా వచ్చిపోతూ, రెండు మూడు సెకన్లకోసారి ముదిరితే, దగ్గరదగ్గర వేగంతో తిరిగే రెండు భాగాలు కలిసి అదురుతున్నాయి.

కోణాల కథ

ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ వంపులో తిరిగేటప్పుడు ఒక విచిత్రం జరుగుతుంది. ఇటునుంచి సమాన వేగంతో తిప్పినా, అటువైపు భాగం ప్రతి చుట్టులో రెండుసార్లు ముందుకు దూకి, రెండుసార్లు వెనకబడుతుంది. అందుకే కోణాల లోపం షాఫ్ట్ వేగానికి రెట్టింపుగా వినిపిస్తుంది. వంపు 3 డిగ్రీలైతే ఈ హెచ్చుతగ్గు అటూఇటూ 0.14 శాతం. 6 డిగ్రీలైతే 0.55 శాతం. 10 డిగ్రీలైతే 1.5 శాతం. వంపు రెండింతలైతే గోల నాలుగింతలవుతుందన్నమాట. చూడ్డానికి చిన్న శాతాలే గానీ, ఆ బరువైన గొట్టాన్ని సెకనుకు 57 సార్లు తోసి పట్టుకోవడమంటే చిన్న పని కాదు.

దీనికి విరుగుడు రెండో క్రాస్. మొదటిది పుట్టించిన హెచ్చుతగ్గును రెండోది అంతే వంపుతో, సరిగ్గా ఎదురు తీరులో రద్దు చేయాలి. అందుకు రెండు షరతులు. ఒకటి, రెండు చివర్ల పని కోణాలు దాదాపు సమానంగా ఉండాలి. రెండు, షాఫ్ట్ రెండు చివర్ల యోక్ (క్రాస్‌ను పట్టుకునే రెండు చెవుల ముక్క) చెవులు ఒకే వరుసలో ఉండాలి. రెండోదాన్నే ఫేజ్ అంటారు. స్ప్లైన్ అనే పళ్ల మీద ముందుకీ వెనక్కీ జారే స్లిప్ యోక్‌ను విప్పి తిరిగి ఎక్కించేటప్పుడు ఒక్క పన్ను తప్పినా ఇది పోతుంది. 16 పళ్ల స్ప్లైన్‌లో ఒక పన్ను తప్పడమంటే 22.5 డిగ్రీలు తప్పడం. విప్పే ముందు రెండు ముక్కల మీదా పెయింటుతో గీత పెట్టుకోవడానికి పట్టే సమయం అర నిమిషం.

పని కోణమంటే షాఫ్ట్ వాలుకూ, దాన్ని తిప్పే లేదా అది తిప్పే భాగం వాలుకూ మధ్య తేడా. హైవే మీద తిరిగే లారీకి ప్రతి క్రాస్ దగ్గరా ఇది 0.5 నుంచి 3 డిగ్రీల మధ్య ఉండాలి, రెండు చివర్ల మధ్య తేడా 1 డిగ్రీ దాటకూడదు. మీ బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే చెల్లుతుంది. కోణం సున్నా అయితే ఇంకా మంచిదనుకోవడం పొరపాటు. వంపు అసలే లేకపోతే క్రాస్ కప్పుల్లోని నీడిల్ బేరింగులు (సన్నటి రోలర్లు) ఉన్న చోటే ఉండి క్రాస్ కాళ్ల మీద గాట్లు పెడతాయి.

కొలవడానికి 0.1 డిగ్రీ చూపించే డిజిటల్ యాంగిల్ మీటరు కావాలి. బండి చదునైన నేల మీద, టైర్లలో సరైన గాలితో, చక్రాలు నేలమీదే ఉండి, కదలకుండా అడ్డాలు వేసి, ఇంజిన్ ఆపి, తాళం చెవి కొలిచే మనిషి జేబులో ఉండాలి. జాకీ మీద హౌసింగ్‌ను వేలాడదీసి కొలిస్తే వచ్చేవి అసలు కోణాలు కావు. ఎయిర్ సస్పెన్షన్ ఉంటే ముందు రైడ్ హైట్ (సస్పెన్షన్ మీద బండి నిలిచే ఎత్తు) సరిగ్గా ఉందో కొలవాలి, అది తప్పితే మిగతా అంకెలన్నీ తప్పుతాయి. మీటరును గొట్టం మీద, తుప్పూ పెయింటూ గీకిన చోట, వెల్డింగుకు దూరంగా పెట్టండి. గేర్ బాక్సు, పినియన్ల దగ్గర యోక్ మిషన్ చేసిన ముఖం మీదో, నిలువుగా తిప్పిన క్రాస్ కప్పు మీదో పెట్టాలి. ప్రతిచోటా రెండుసార్లు కొలిచి, వాలు వెనక్కి దిగుతోందో ఎక్కుతోందో కూడా రాయాలి. అన్నీ ఒకే దిక్కుకు దిగుతుంటే తీసివేత, ఎదురెదురుగా ఉంటే కూడిక. తప్పులు ఎక్కువగా జరిగేది ఈ గుర్తు దగ్గరే.

ఉదాహరణకు గేర్ బాక్సు వెనక్కి 4.0 డిగ్రీలు దిగింది, షాఫ్ట్ 5.5 దిగింది, పినియన్ అదే దిక్కులో 3.8 చూపింది. ముందు క్రాస్ 1.5, వెనక క్రాస్ 1.7. ఇది మంచి అమరిక. ఇప్పుడు పినియన్ 1.0 చూపిందనుకోండి. వెనక క్రాస్ 4.5 అవుతుంది. రద్దు కాకుండా మిగిలేదెంతో తెలియాలంటే రెండు కోణాల వర్గాల తేడాకు వర్గమూలం తీయాలి: 20.25లో 2.25 పోతే 18, దాని వర్గమూలం 4.2. అంటే ఈ బండి ఒకే క్రాస్‌ను 4.2 డిగ్రీల వంపులో నడుపుతున్నట్టు అదురుతుంది. ఆ షాఫ్ట్‌ను ఎంత బాగా బ్యాలెన్స్ చేయించినా ఈ అదురు పోదు.

పై నుంచి చూసినప్పుడు షాఫ్ట్ పక్కకు కూడా వాలి ఉంటే ఆ కోణాన్నీ లెక్కలో కలపాలి: రెండు కోణాల వర్గాలు కూడి వర్గమూలం తీస్తే అసలు కోణం వస్తుంది.

ఖాళీ బండిలో అన్నీ బాగున్నట్టు కనిపించి, లోడులో చెడిపోవడానికి కారణాలు రెండు. లోడు పడితే కమాన్ కట్టలు (స్ప్రింగు పట్టీల దొంతరలు) చదునై హౌసింగ్ పైకి వస్తుంది, షాఫ్ట్ వాలు తగ్గుతుంది. అదీగాక, ఇంజిన్ లాగేటప్పుడు పినియన్ మూతి పైకి లేవడానికి చూస్తుంది. కమాన్ మధ్య బోల్టు తెగినా, యూ బోల్టులు వదులైనా, టార్క్ రాడ్ బుష్ అరిగినా ఆ లేపడం రెండు మూడు డిగ్రీల దాకా పోవచ్చు. నిలిపి కొలిస్తే మీటరుకు ఇది దొరకదు. టార్క్ రాడ్ చివర గడ్డపార పెట్టి తిప్పి చూస్తే దొరుకుతుంది.

సరిచేయడానికి కమాన్ కట్టకూ యాక్సిల్ సీటుకూ మధ్య, కట్ట వెడల్పుకు సరిపడే ఉక్కు వాలు షిమ్ (ఒక అంచు మందంగా ఉండే పలక) వేస్తారు. రెండు వైపులా ఒకే కోణంది, ఒకే దిక్కుగా. ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. టార్క్ రాడ్ ఉన్న బండిలో రాడ్ పొడవుతోనో, బ్రాకెట్ దగ్గరి షిమ్ముతోనో సర్దుతారు. రెండు ముక్కల షాఫ్టులో ముందు ముక్క గేర్ బాక్సుతో దాదాపు నేరుగా, 0.5 నుంచి 1.5 డిగ్రీల లోపు ఉండాలి. అక్కడ సర్దుబాటు సెంటర్ బేరింగ్ బ్రాకెట్ దగ్గర.

కదిలేటప్పుడే వచ్చే కుదుపు

లోడుతో ఫస్ట్, సెకండ్ గేర్లలో లాగేటప్పుడు మాత్రమే, 25 కిలోమీటర్ల లోపు స్పీడులో వచ్చి ఆగిపోయే కుదుపు వేరే జాతి. వంపులో ఉన్న క్రాస్ మీద భారీ టార్క్ పడినప్పుడు, అది షాఫ్ట్‌ను పక్కకు నెట్టే బలాన్ని కూడా పుట్టిస్తుంది. చుట్టుకు రెండుసార్లు వచ్చే ఆ నెట్టుడు నేరుగా సెంటర్ బేరింగ్ రబ్బరు మీద పడుతుంది. రబ్బరు చిరిగిందో, బ్రాకెట్ వదులైందో చూడండి. రబ్బరు పదేపదే చిరుగుతుంటే తప్పు రబ్బరుది కాదు, దాని ముందూ వెనకా ఉన్న కోణాలది. ఈ తరహా కుదుపుకు బ్యాలెన్సింగ్ చేయించడం దండగ, ఆ స్పీడులో బ్యాలెన్స్ లోపం తెలిసేంత బలం తెచ్చుకోలేదు.

బ్యాలెన్స్, వంపు, పొడవు

షాఫ్ట్ గొట్టం తిరిగే అక్షం నుంచి 65 మిల్లీమీటర్ల దూరంలో 50 గ్రాముల బ్యాలెన్స్ ముక్క ఊడిపోయిందనుకోండి. 1,710 ఆర్పీఎంలో అది సుమారు 105 న్యూటన్ల బలంతో, అంటే పదిన్నర కిలోల బరువు లాగినట్టు లాగుతుంది. 2,500లో 220 న్యూటన్లు దాటుతుంది. బలం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టే నెమ్మదిగా పోయేటప్పుడు దీని జాడే ఉండదు.

మిషన్ మీదికి పంపే ముందు గొట్టాన్ని శుభ్రంగా తుడవండి. ఎండిన బురద, ఒకవైపు పేరుకున్న తారు, గ్రీజు ముద్ద కూడా బరువే. సొట్ట ఉందేమో, వెల్డింగు ఊడిన మచ్చ ఉందేమో చేత్తో తడిమి చూడండి. తర్వాత డయల్ గేజ్ (సన్నటి ఊపును ముల్లుతో చూపే కొలత సాధనం) పెట్టి షాఫ్ట్‌ను ఒక చుట్టు తిప్పితే, సుమారు 0.4 మిల్లీమీటర్లు దాటిన ఊపు వంపును సూచిస్తుంది. వంగిన గొట్టానికి బరువులు అతికించి లాభం లేదు, ముందు సాపు చేయాలి. పినియన్ ఫ్లాంజ్ ముఖం మీద కూడా గేజ్ పెట్టండి. అక్కడ 0.1 మిల్లీమీటరు దాటితే, వర్క్‌షాపులో నిక్కచ్చిగా బ్యాలెన్స్ అయిన షాఫ్ట్ బండికి బిగించాక మళ్లీ అదురుతుంది. గుర్తులు పెట్టుకుని, షాఫ్ట్‌ను పినియన్ ఫ్లాంజ్ దగ్గర మాత్రమే 180 డిగ్రీలు తిప్పి బిగించి చూడటం చవకైన పరీక్ష. అదురు తగ్గినా, ముదిరినా ఆ జతలోనే లోపం ఉంది.

చాసిస్ పొడవు మార్చిన బండ్లలో ఇంకో సమస్య తలెత్తుతుంది. ప్రతి షాఫ్టుకూ అది మధ్యలో విల్లులా వంగి కొట్టుకునే వేగం ఒకటుంటుంది. బయటి వ్యాసం 100, లోపల 93 మిల్లీమీటర్లున్న ఉక్కు గొట్టం 1.8 మీటర్ల పొడవైతే ఆ వేగం లెక్క ప్రకారం సుమారు 5,100 ఆర్పీఎం. భయం లేదు. అదే గొట్టాన్ని సెంటర్ బేరింగ్ తీసేసి 2.6 మీటర్లు చేస్తే 2,450కి పడిపోతుంది, ఎందుకంటే పొడవు వర్గంతో తగ్గుతుంది. పై ఉదాహరణలోని బండి 80 స్పీడులో షాఫ్ట్‌ను 1,710 దగ్గరే తిప్పుతోంది కదా, ఇంకా దూరమే కదా అనిపిస్తుంది. కానీ క్రాసులు చుట్టుకు రెండు తాకిళ్లు ఇస్తాయి. కాబట్టి 2,450లో సగం, 1,225 దగ్గరే షాఫ్ట్ విల్లులా ఊగడం మొదలవుతుంది. అంటే గంటకు 57 కిలోమీటర్ల స్పీడులోనే. నిజమైన బండిలో బేరింగుల వదులు, బ్రాకెట్ల వంగుడు కలిసి ఇంకా కాస్త కిందికే తెస్తాయి. ఇలాంటి బండికి మందు సెంటర్ బేరింగ్‌తో మళ్లీ రెండు ముక్కల షాఫ్ట్ వేయడమే.

విప్పకుండా చూసేవి

గ్రీజు కొట్టేటప్పుడు క్రాస్ నాలుగు కప్పుల సీళ్ల నుంచీ కొత్త గ్రీజు బయటికి రావాలి. మూడింట్లో వచ్చి ఒకదాంట్లో రాకపోతే ఆ కాలు ఎండిపోతోంది. సీలు దగ్గర తుప్పు రంగు పొడి కనిపిస్తే ఇక ఆలోచించక్కర్లేదు, మార్చండి. యోక్ పట్టుకుని పైకీ కిందికీ ఆడిస్తే క్రాస్‌లో 0.15 మిల్లీమీటరు, స్ప్లైన్‌లో 0.18 మిల్లీమీటరు దాటి ఆట ఉండకూడదు. పినియన్ ఫ్లాంజ్ పైకీ కిందికీ కదిలితే హౌసింగ్ తెరవాల్సిందే, అక్కడ నట్టు బిగించి ఊరుకుంటే క్రౌన్, పినియన్ రెండూ పోతాయి. పట్టీతో బిగించే రకం క్రాసులకు పాత బోల్టులు రెండోసారి వాడొద్దు. బిగింపు టార్క్ రెంచీతో, మాన్యువల్ చెప్పినంత.

లెక్క 7 దగ్గర తేలితే పని సులువే. టైరు పక్కన రిమ్ము అంచును చుట్టి ఉండే గీత, రిమ్ముకు అన్ని చోట్లా సమాన దూరంలో ఉందో చూడండి. లేకపోతే టైరు సరిగ్గా కూర్చోలేదు. చక్రం ఎత్తి తిప్పితే టైరు ఊపు 2.4 మిల్లీమీటర్లు దాటకూడదు. రిమ్ము, డ్రమ్ము హబ్బు మీద కూర్చునే ముఖాల్లో తుప్పు పెచ్చు ఒక్కటున్నా అంత తేడా వస్తుంది.

ఒకటి మాత్రం కచ్చితంగా వద్దు: హౌసింగ్‌ను స్టాండ్ల మీద లేపి, గేరులో నడుపుతూ, కిందికి దూరి షాఫ్ట్‌ను చూడటం. తిరిగే క్రాస్ గుడ్డ చివరను పట్టుకుందంటే మనిషికి చెయ్యి వెనక్కి తీసుకునే వ్యవధి కూడా ఉండదు.

మరమ్మతు అయ్యాక అదే రోడ్డు, అదే గేరు, అదే లోడుతో ఫోను పెట్టి మళ్లీ కొలవండి. 57 దగ్గరి అదురు పోయి 28 దగ్గరిది మిగిలితే చేసిన పని వృథా కాలేదు, లోపాలు రెండున్నాయి, రెండోది షాఫ్ట్ బ్యాలెన్స్. వాలు షిమ్ములు వేసిన బండికి కొన్ని వందల కిలోమీటర్లు లోడుతో తిరిగాక యూ బోల్టులు మళ్లీ టార్కు చేసి, పినియన్ కోణం ఇంకొకసారి చూడాలి. షిమ్ము సర్దుకుని అర డిగ్రీ జారి ఉండొచ్చు.